నాలుగో లాకు

రేవు రెండో గేటు ఎదుటి టీ కొట్టులో ‘బాబాయ్’ అని ఎవరు పిలిచినా ఒకే మనిషి తిరిగి చూస్తాడు. యాభై ఎనిమిదేళ్ళు, బక్కపల్చటి ఒళ్ళు, ఆ ఒంటికి ఏమాత్రం పొంతన లేని గొంతు. పొద్దుటి షిఫ్టు దిగి ఆ బెంచీ మీద చతికిలబడ్డాడంటే చాలు, నిన్న పట్టిన జలుబు కూడా ఆయన నోట్లో పడి పెద్ద యుద్ధమై బయటికొస్తుంది. కోతలని అందరికీ తెలుసు. తెలిసే రెండో టీ చెప్పి మరీ వింటారు.

కానీ ఇవాళ బాబాయ్‌కి గుండెల్లో దడగా ఉంది. కారణం పక్కనే కూర్చున్న వియ్యంకుడు.

కూతురి పెళ్ళయి నాలుగు నెలలైంది. సంబంధం మాట్లాడుకున్న రోజున వరండాలో ఇద్దరే ఉన్నప్పుడు ఆయన మర్యాదగా, “రేవులో మీరేం చేస్తుంటారు బావగారూ?” అని అడిగాడు. బాబాయ్ నోరు దానికలవాటైన దారినే పోయింది. “క్రేన్ నడుపుతానండీ” అనేసింది. నిజానికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని క్రేన్ మీద కాదు, దాని కింద. ట్రక్కు మీద కంటైనర్ కదలకుండా నాలుగు మూలలా నాలుగు లాకులుంటాయి. ట్రక్కు వచ్చి క్రేన్ కింద ఆగగానే ఆ నాలుగూ తీసి, పక్కకు జరిగి, చెయ్యి పైకెత్తాలి. ఆ చెయ్యి చూశాకే పైనున్న ఆపరేటర్ కంటైనర్‌ను లేపుతాడు. అంతే ఉద్యోగం. లాకులాయన అంటారు.

వియ్యంకుడు ఇన్నాళ్ళకు ఊరు చూడ్డానికొచ్చి, “మీ రేవు చూపించండి బావగారూ” అన్నాడు. లోపలికి బయటివాళ్ళను రానివ్వరు కాబట్టి సరిపోయింది. టీ కొట్టు దాకా తీసుకురాక తప్పలేదు. అందుకే బాబాయ్ పొద్దున్నే అందరి గడ్డాలూ పట్టుకుని బతిమాలాడు. మాట పోతే పోయింది, అత్తవారింట్లో తన కూతురు తల దించుకోవాల్సి వస్తుందన్నదే ఆయన భయం. నిజమైన క్రేన్ ఆపరేటర్ ఒకడున్నాడు, అతన్ని కళ్ళజోడు అంటారు. “ఒరేయ్ అబ్బాయ్, ఇవాళ ఒక్క పూటకీ క్రేన్ నాది. నువ్వు లాకులాడివి. నోరెత్తావో నీకూ నాకూ చెల్లు” అని ఒట్టు వేయించుకున్నాడు. ట్రక్కు నడిపే లావుపాటి డ్రైవర్‌తో, కొట్టు నడిపే అక్కతో కూడా అదే మాట.

వియ్యంకుడు గడియారాలు బాగుచేసే మనిషి. మాట తక్కువ. గ్లాసును రెండు వేళ్ళతో పట్టుకుని, గేటు వెనక పైకి లేచిన క్రేన్ల వంక చూస్తూ కూర్చున్నాడు. చూసీ చూసీ, “అంత పైన కూర్చుంటే భయం వెయ్యదా బావగారూ?” అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో బాబాయ్ దడ ఎటుపోయిందో పోయింది.

“భయమా? మొదటి రోజున నేనెక్కుతుంటే క్రేనే భయపడింది బావగారూ. సరే, అవన్నీ ఎందుకు, గొప్పలు చెప్పుకోవడం మనకు గిట్టదు. ఒక్క రోజు సంగతి చెప్తాను, మీరే అంచనా వేసుకోండి. గంటకు ఇరవై కంటైనర్లు దింపితే ఆపరేటర్‌ను మొనగాడంటారు. ఆ రోజు నేను ఇరవై రెండు దింపాను.”

“మొన్న ఇరవై అయిదన్నావు” అంది అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

“బావగారి ముందు తగ్గించి చెప్తున్నాను, నువ్వుండు. అసలు ఆ కంటైనర్ పెట్టె ఉంది చూశారూ, దాని గొప్పతనం ముందు వినాలి. మా నాన్న ఇదే రేవులో మూటలు మోశాడు. అప్పట్లో ఓడ వచ్చిందంటే ఊరు ఊరంతా కదలాలి. బస్తాలొకచోట, పీపాలొకచోట, గాజు సామాను గడ్డిలో చుట్టి ఇంకోచోట. ఒక్కో వస్తువుదీ ఒక్కో ఆకారం, ఒక్కో బరువు, పట్టుకునే తీరు కూడా వేరే. రెండొందల మంది రెండు వారాలు మోస్తే ఓడ ఖాళీ అయ్యేది. మా నాన్న వీపు చూస్తే ఏ బస్తా ఏ సంవత్సరం మోశాడో చెప్పొచ్చు. అలాంటిది ఎవరో మహానుభావుడు, వస్తువుల్ని ఎత్తడమెందుకు, పెట్టెను ఎత్తుదాం, అన్ని పెట్టెలూ ఒకే కొలతలో చేద్దాం అన్నాడు. అంతే! లోపల ఉల్లిపాయలున్నాయా, కుర్చీలున్నాయా, ఆసుపత్రి యంత్రాలున్నాయా, క్రేన్‌కు అనవసరం. నాలుగు మూలలు, మూలకో రంధ్రం. ఇక్కడ చేసినా అదే రంధ్రం, భూమికి అటుపక్క చేసినా అదే. ఓడకు సరిపోతుంది, రైలుకు సరిపోతుంది, ట్రక్కుకు సరిపోతుంది. ప్రపంచంలో నాలుగు మెతుకులు తినే ప్రతివాడూ ఆ పెట్టెకొక దణ్ణం పెట్టాలి బావగారూ.”

ఇందులో కోత ఒక్కటీ లేదు. బాబాయ్‌కు పెట్టెలంటే నిజంగానే ప్రాణం. ఇంట్లో పప్పుల డబ్బాలన్నీ ఒకే సైజువి కొనిపించి భార్య చేత చీవాట్లు తిన్న మనిషి.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇరవై మూడో పెట్టె. ట్రక్కు వచ్చింది, ఆగింది. కింద లాకులాడు చెయ్యెత్తాడు. నేను పైనుంచి పట్టు వేసి లేపాను. లేపితే ఏదో బరువు తేడాగా ఉంది. ఏమిటా అని చూద్దును కదా, పెట్టెతో పాటు ట్రక్కు కూడా లేస్తోంది!”

“అయ్యో” అన్నాడు వియ్యంకుడు.

“నాలుగో లాకు ఊడలేదండీ. వెనక ఎడమ పక్కది. పిడి తిరిగింది గానీ లోపల పట్టుకునే ఉంది. ట్రక్కులో వీడున్నాడు” అని లావుపాటి డ్రైవర్ వంక చూపించాడు. “ఎంత ఎత్తనుకున్నారు? మూడంతస్తులు!”

డ్రైవర్ గ్లాసులోకి చూస్తూ తలూపాడు. నిజానికి వెనక చక్రాలు నడుమెత్తు లేచాయి. అయినా లోపల కూర్చున్నవాడికి నడుమెత్తే మూడంతస్తులు కాబట్టి అతనికి అబద్ధమాడినట్టు అనిపించలేదు.

“వీడి నిబ్బరం చూడండి, అంత ఎత్తున కూడా టీ తాగుతూనే ఉన్నాడు. అద్దంలోంచి చూస్తే వీడి ఇల్లు కనబడింది. డాబా మీద వాళ్ళావిడ బట్టలు ఆరేస్తోంది. మబ్బు పడుతోంది, లోపలికి తీసుకెళ్ళవే అని అక్కణ్ణించే కేకేశాడు.”

“తీసుకెళ్ళిందా?” అంది అక్క.

“వినబడక మళ్ళీ చెప్పమంది. ఇంకో అంతస్తు లేపాల్సొచ్చింది.”

అందరూ నవ్వారు. వియ్యంకుడు కూడా నవ్వాడు. నవ్వు ఆపి, “మరి ఎలా దించారు?” అన్నాడు.

ఇక్కడ బాబాయ్ గొంతులో చిన్న తడబాటు వచ్చింది. ఈ ముక్క ఎలా చెప్పాలో పొద్దున ఆలోచించుకోలేదు. “అదా... ఊరికే దించితే ట్రక్కు పక్కకు పడిపోతుందండీ, ఒక్క మూల మీదే వేలాడుతోంది కదా. నేను పైన కదలకుండా బిగబట్టి ఉన్నాను. ఈలోగా కింద లాకులాడు... ఎవడో ఉన్నాడులెండి... ఇనప కడ్డీ పట్టుకుని ట్రక్కు కిందికి దూరి నాలుగు దెబ్బలేసి లాకు ఊడగొట్టాడు. ట్రక్కు నేల మీద పడింది. వీడు బతికాడు. అదేమంత పెద్ద విషయం కాదులెండి.”

కళ్ళజోడు తల పక్కకు తిప్పుకున్నాడు. బాబాయ్‌కి నోట్లో చేదుగా అనిపించింది. జీవితంలో తను చేసిన ఒకే ఒక్క పెద్ద పనిని ‘ఎవడో’ అని పేరు పెట్టి వీధిలో పారేసినట్టయింది. క్రేన్ మీద కూర్చున్నానని చెప్పాక కింద ఉండడం కుదరదు మరి. ఆ చేదు పోవాలంటే గబగబా పైకి ఎక్కెయ్యడమే మార్గం. ఎక్కేశాడు.

“అసలు కథ ఆ తర్వాత బావగారూ! ఆ రోజు యార్డులో చోటు లేదు. మామూలుగా పెట్టె మీద పెట్టె అయిదు వరసలు పెడతాం. నేను ఆరోది పెట్టాను. పడిందా? పడలేదు. పదోది పెట్టాను. మూల మీద మూల, అంత బాగా కూర్చుంటుంటే చెయ్యి ఊరుకోదు కదా! నలభై అయ్యాయి, నూరయ్యాయి. పక్షులు వచ్చి మధ్యలో దిగి అలుపు తీర్చుకుని వెళ్తున్నాయి. ఒక మబ్బు వచ్చి తగిలి, దారి లేక, చుట్టూ తిరిగి పోయింది.”

“విమానాలో?” కళ్ళజోడు ఉండబట్టలేక అడిగాడు.

“నీకు లాకుల సంగతి తప్ప ఏం తెలుసు, ఊరుకో! విమానం వాడు హారన్ కొట్టాడు. నేను దారివ్వలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొంతర మెల్లగా సముద్రం వైపు వంగడం మొదలెట్టింది. రేవంతా పరుగులు. నేను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. ఎందుకంటే మూలకు మూల, లాకుకు లాకు, ఎక్కడ ఊడుతుంది? వంగింది, వంగింది, సముద్రమంతా దాటి అవతలి రేవులో తల వాల్చింది. అక్కడి ఆపరేటర్ చూశాడు. వాడి భాష నాకు రాదు, నా భాష వాడికి రాదు. పెట్టె కొలత మాత్రం ఇద్దరికీ వచ్చు. పై పెట్టెను వాడు తీసుకున్నాడు. నేను కింద ఇంకోటి దూర్చాను. వాడు తీస్తున్నాడు, నేను దూరుస్తున్నాను. సాయంత్రానికి మూడు ఓడల సరుకు, ఓడ లేకుండా, చుక్క నీళ్ళు తగలకుండా సముద్రం దాటింది!”

కొట్టులో అందరూ పగలబడి నవ్వారు. అక్క గరిటె కింద పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. “మరి రోజూ అలాగే చెయ్యకపోయావా?”

“చేసేవాణ్ణే. ఓడ కెప్టెన్ వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. పిల్లలు గలవాణ్ణి, నా పొట్ట కొట్టకయ్యా అన్నాడు. జాలిపడి మానేశాను. మనిషికి దయ ఉండాలి బావగారూ.”

బాబాయ్ ఊపిరి తీసుకుని టీ ఒక్క గుక్కలో తాగేశాడు. గండం గడిచిందనే అనుకున్నాడు. వియ్యంకుడు గ్లాసు పక్కన పెట్టి, తుండుతో వేళ్ళు తుడుచుకుని, ముందుకు వంగాడు.

“నాకొక్క సందేహం బావగారూ.”

సముద్రం గురించి అడుగుతాడని బాబాయ్ సిద్ధంగా ఉన్నాడు. సొరచేపల సంగతి ఇంకా చెప్పనే లేదు.

“ఆ నాలుగో లాకు. పిడి తిరిగిందన్నారు కదా, మరి లోపల ఎందుకు పట్టుకుంది?”

చిన్న చిన్న పళ్ళచక్రాలతో నలభై ఏళ్ళు బతికిన మనిషికి ఆకాశం, సముద్రం అక్కర్లేకపోయింది. ఈ ఒక్కటీ కావాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో లాకు గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాడు బాబాయ్‌కి ఇంకొకడు తగల్లేదు. ఆయన వెనకా ముందూ చూసుకోలేదు.

“అదేనండీ చిక్కు. పిడికీ, పైన పెట్టెను పట్టుకునే తలకీ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. అది లోపలే తెగింది. పైకి చూస్తే ఏం తెలీదు. పిడి మామూలుగానే తిరుగుతుంది, ఇంకా తేలిగ్గా తిరుగుతుంది. రోజూ ఉండే బిగువు ఉండదు. ఆ బిగువు లేదన్న సంగతి చేతికే తెలియాలి. కడ్డీతో కొట్టేటప్పుడు కూడా ఎక్కడంటే అక్కడ కొడితే లాభం లేదు, తలకు కుడి పక్కన బొటనవేలంత చోటు దొరుకుతుంది, అక్కడ తగలాలి. చేతులకు గ్రీజు, కడ్డీ జారిపోతుంది, పైనుంచి తుప్పు కళ్ళలో...”

ఆగిపోయాడు.

“మూడంతస్తుల పైన, క్రేన్‌లో కూర్చుని, చేతికి గ్రీజు ఎలా అంటింది బావగారూ?” అన్నాడు వియ్యంకుడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. చెయ్యాలనుకుంటే చెయ్యగలిగేవాడే.

బాబాయ్ గబుక్కున పక్కకు తిరిగాడు. “లాకులాడు చెప్పాడు. ఇదిగో, వీడే!” అని కళ్ళజోడును ముందుకు తోశాడు.

వియ్యంకుడు లేచి నిలబడి కళ్ళజోడు చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అరచెయ్యి మెత్తగా ఉంది. క్రేన్ ఆపరేటర్లకు ఉండేది రెండు చిన్న మీటలు, వేళ్ళతో తిప్పుతారు. కళ్ళజోడు సిగ్గుతో మెలికలు తిరిగాడు. వియ్యంకుడు ఆ చెయ్యి వదిలి, వంగి, బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. అరచేతి నిండా కాయలు, బొటనవేలికి సగమే గోరు.

“మీ అమ్మాయి మా ఇంటికొచ్చిన రెండో వారంలోనే చెప్పింది” అన్నాడు. “మా నాన్న లాకులు తీస్తాడు మామయ్యా, ఒకసారి వేలాడే ట్రక్కు కిందికి దూరి మనిషిని బతికించాడు అని. మా ఇంటికి ఎవరొచ్చినా చెప్తుంది. మా వీధిలో సగం మందికి మీరు తెలుసు. ఆ ముక్క మీ నోట వినాలని రైలెక్కి వచ్చాను. మీరేమో దాన్ని తీసుకెళ్ళి ఎవడో లాకులాడికి ఇచ్చేశారు.”

కళ్ళజోడు హమ్మయ్యా అన్నాడు. “అది నిజమేనండీ. పైన ఉన్నది నేను. నాకు కనబడిందల్లా బాబాయ్ ట్రక్కు కిందికి పోవడం. మళ్ళీ బయటికి వస్తాడనుకోలేదు.”

“క్రేన్ సంగతంటారా, మా బాబాయ్‌కి నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి” అంది అక్క. మళ్ళీ నవ్వులు. ఈసారి ఆ నవ్వుల్లో అభిమానమే ఉంది. ఎవరో బాబాయ్ వీపు తట్టారు. కూతురు తలెత్తుకునే తిరుగుతోందన్న మాట. తన కోతల అవసరం ఆ పిల్లకు ఎన్నడూ లేదు.

బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఇంత పొగడ్త దొరికితే దాన్ని మూడింతలు చేసి ఒళ్ళో వేసుకునే మనిషి, ఎందుకో దాని బరువు మొయ్యలేకపోతున్నాడు. చేతిని వియ్యంకుడి చేతుల్లోంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

“అమ్మాయికి నేను మొత్తం చెప్పలేదు బావగారూ” అన్నాడు. ఆ గొంతు టీ కొట్టులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. “మూడు లాకులు తీశాను. నాలుగోది తేలిగ్గా తిరిగింది. చేతికి తెలిసింది. ఇందాక చెప్పానే, బిగువు లేదని... నాకు అప్పుడే తెలిసింది. వంగి చూడాలి. వెనక ఆరు ట్రక్కులు హారన్లు కొడుతున్నాయి. ఏం కాదులే అనుకున్నాను. చెయ్యెత్తాను.”

అని డ్రైవర్ వంక తిరిగాడు. ఆ రోజు తర్వాత ఎనిమిదేళ్ళుగా ఆ మనిషి పక్కనే కూర్చుని, ఆ మనిషి చేత బాబాయ్ అని పిలిపించుకుని, అతను ఇప్పించిన టీలు తాగాడు. “నిన్ను పైకి లేపింది కూడా నేనేరా. అది చెప్పడానికి నోరు రాలేదు.”

అక్క స్టవ్ తగ్గించింది. కళ్ళజోడు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వియ్యంకుడు బెంచీ మీద కూర్చున్నాడు.

లావుపాటి డ్రైవర్ గ్లాసు కింద పెట్టాడు.

“నాకు తెలుసు బాబాయ్. పక్క అద్దంలో చూశాను. చెయ్యెత్తే ముందు ఆ లాకు దగ్గర ఆగావు. ఒకసారి వంగబోయావు, మళ్ళీ లేచావు.”

“తెలిసి... ఇన్నాళ్ళూ అడగలేదే?”

“కిందికి దూరింది కూడా ఆ అద్దంలోనే చూశాను కదా” అని డ్రైవర్ తాళాలు జేబులోంచి తీసి లేచాడు. గేటు దగ్గర అతని ట్రక్కు వంతు వస్తోంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఆ రోజు నుంచి ఈ రేవులో ఇంకెవరు చెయ్యెత్తినా నేను ఒకసారి కిందికి దిగి నాలుగు లాకులూ చూసుకుంటాను బాబాయ్. నువ్వెత్తితే దిగను.”